ముందు నడిచినవారిని అడుగుదాం

గత వేసవిలో ఒక సాయంత్రం రాజోలు వైపు నుంచి ఒక తల్లి, ఆమె కూతురు అమలాపురంలోని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ మంచి మార్కులతో పూర్తి చేసింది. తండ్రి చాలా ఏళ్ళుగా కువైట్‌లో డ్రైవరు. తల్లి చేతిలో రెండు ప్రైవేటు కళాశాలల బ్రోచర్లున్నాయి. రెంటిలోనూ ఒకే రకం భవనం, ఒకే రకం పచ్చిక, తెల్లకోటు వేసుకుని గాజు గొట్టం వైపు చూస్తున్న విద్యార్థిని. "ఈ రెంటిలో ఏది మంచిదో మీరే చెప్పాలండి మాస్టారూ. రాత్రికి వాళ్ళ అబ్బా ఫోన్ చేస్తారు, ఏదో ఒకటి చెప్పెయ్యాలి" అన్నారామె. ఆ కాలేజీల్లో చదివినవాళ్ళు ఎవరైనా తెలుసా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మనవాళ్ళలో పీజీ చదివినవాళ్ళెవరున్నారండీ!" అన్నారు.

ఆ తల్లి మాటలో ఫిర్యాదు లేదు. ఉన్న పరిస్థితిని ఉన్నట్టు చెప్పారు, అంతే. కానీ మన సముదాయపు ఉన్నత విద్యలో అతి పెద్ద లోటు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఫీజుల గురించి, రిజర్వేషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి మనం తరచు మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. అయితే ఏ చదువు, ఏ ఊరు, ఏ విశ్వవిద్యాలయం అని నిర్ణయించే ఆ రెండు మూడు వారాల్లో మన పిల్లవాడికి దారి చెప్పే మనిషి లేకపోవడం గురించి మాత్రం ఎక్కడా చర్చించుకోం.

సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికలో ఒక లెక్క ఉంది. దేశంలోని ప్రతిష్ఠాత్మక కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు, పీజీ విద్యార్థులు 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ కమిటీ తేల్చింది. ఆ తరువాత దశాబ్దంన్నర గడిచినా, అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2020-21 ప్రకారం ఉన్నత విద్యలో ముస్లింల వాటా 4.6 శాతం. 2011 జనాభా లెక్కల్లో మన వాటా 14.2 శాతం. ఈ అంకెలను మనం సాధారణంగా వెనుకబాటుకు కొలతగా చదువుతాం. వాటిని మరో విధంగానూ చదవవచ్చు. పీజీ తరగతిలో యాభై మందికి ఒక్కరే ఉన్నప్పుడు, ఆ ఒక్కరు తిరిగి వచ్చి అనుభవం చెప్పగలిగే వీధులు ఎన్ని ఉంటాయి? కోనసీమ వంటి చోట, మండలానికి కొద్ది వందల కుటుంబాలుగా చెదిరి ఉన్న మనకు, ఆ ఒక్కరు పక్క వీధిలో ఉండే అవకాశం మరీ తక్కువ.

చదువుకున్న కుటుంబాల్లో ఈ సమాచారం వారసత్వంగా అందుతుంది. బాబాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి ఉంటాడు. అత్తగారి అమ్మాయి హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ ఉంటుంది. భోజనాల దగ్గర మాటల మధ్యలోనే పిల్లలకు సగం సంగతులు తెలిసిపోతాయి. పొలం, ఇల్లు లాగే అదీ ఒక ఆస్తి. దస్తావేజు లేని ఆస్తి కనుక, అది మనకు లేదన్న సంగతి కూడా మనకు తెలియదు. ఆ లోటును తీర్చగలిగింది ఒక్కటే: ఆ చోట చదివి వచ్చిన పూర్వ విద్యార్థి మాట.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో డిగ్రీ వరకు చదువు ఇంటి నుంచి వెళ్ళివచ్చే దూరంలోనే దొరుకుతుంది. స్థానికంగా ఉన్న కొద్ది పీజీ కోర్సులను దాటి ఆలోచించాలంటే గోదావరి పాయలు దాటవలసిందే. అమలాపురానికి నేటికీ రైలు లేదు. రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరానికి, లేదా యానాం మీదుగా కాకినాడకు బస్సెక్కాలి. రాజమహేంద్రవరంలో 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడలో జేఎన్‌టీయూ, విశాఖలో 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఇంకా దూరంగా అలీగఢ్, జామియా. ఇన్ని దారులున్నాయి. ఏ దారిలో ఏముందో బ్రోచరు చెప్పదు. 2016 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు కొంత చెబుతాయి. కానీ ర్యాంకు సంస్థ మొత్తానికి వచ్చే అంకె. మన అమ్మాయి చేరబోయే విభాగంలో పాఠం చెప్పేవారు ఎందరో ఆ అంకెలో కనబడదు.

మొట్టమొదట సీనియరు చెప్పగలిగింది తేదీల సంగతి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశాలకు 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ఒకే పరీక్ష ఉంది. డిగ్రీ చివరి పరీక్షలు అయ్యాక దానికి సిద్ధపడినా సరిపోతుందని మన పిల్లలు అనుకుంటారు. కేంద్ర విశ్వవిద్యాలయాలకు 2022లో మొదలైన సీయూఈటీ-పీజీ సంగతి వేరు. 2024లోనూ, 2025లోనూ ఆ పరీక్ష మార్చి నెలలోనే మొదలైంది. అంటే దరఖాస్తు అంతకు ముందే, చలికాలంలోనే పెట్టుకోవాలి. డిగ్రీ ఫలితాలు వచ్చాక హైదరాబాదు గురించి ఆలోచించేవాడికి ఆ ఏడాది తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఈ ఒక్క సంగతి డిగ్రీ రెండో ఏడులోనే చెప్పేవారుంటే ఎందరి జీవితాలు వేరుగా ఉండేవో!

రెండోది రిజర్వేషన్ పత్రాల సంగతి. 2007 నాటి చట్టం ప్రకారం షేక్ మొదలైన ముస్లిం సముదాయాలకు రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం కోటా ఉంది. 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా అది కొనసాగుతోంది. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బిలో ఉన్నారు. ఇది రాష్ట్ర జాబితా. కేంద్ర విశ్వవిద్యాలయాలు చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రెండూ ఒకటి కావు. రాష్ట్రంలో బీసీ-ఇ పత్రం ఉంది కదా అని కేంద్ర దరఖాస్తులో ఓబీసీ గడి నింపి, తీరా ప్రవేశాల నాడు ఆ పత్రం చెల్లదని తెలిసి వెనక్కి వచ్చేవారున్నారు. తమ సముదాయం కేంద్ర జాబితాలో లేని పక్షంలో, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయల లోపు ఉండి ఆస్తి నిబంధనలకు సరిపోతే, 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటా కింద కేంద్ర సంస్థల్లో సీటు అడగవచ్చు. తహసీల్దారు కార్యాలయంలో ఆ పత్రం ఎలా అడగాలో, ఏ నమూనాలో అడగాలో ఆ కిటికీ ముందు నిలబడి వచ్చిన సీనియరుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మూడోది డబ్బు. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల్లో పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నిలిపివేసింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు ఏళ్ళ తరబడి ఆందోళన చేశాయి. ఆ రోజుల్లో, డిగ్రీకి వచ్చినట్టే పీజీకీ వస్తుందిలే అనుకుని ప్రైవేటు కళాశాలలో చేరి, సగంలో ఫీజు కోసం అప్పులు చేసిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. పరిశోధన వైపు వెళ్ళే మన పిల్లలకు 2009 నుంచి ఆసరాగా నిలిచిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. పథకాలు మారుతూ ఉంటాయి. కనుక అడగవలసిన ప్రశ్న "ఫీజు వస్తుందా?" అని కాదు, "మీకు ఎప్పుడు వచ్చింది, ఎంత వచ్చింది, రానప్పుడు కాలేజీ ఏం చేసింది?" అని. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకునే సంస్థలున్నాయి. అలా ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ నోటిఫికేషన్ అమలవుతోందో లేదో పాత విద్యార్థే చెప్పాలి.

నాలుగోది భాష. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పేరు వినగానే "అది మనది" అనిపిస్తుంది. నిజంగానే అది గొప్ప సంస్థ. కానీ అక్కడ బోధన ఉర్దూలో సాగుతుంది, ప్రవేశానికి ఉర్దూ చదువు కావాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, బడిలో తెలుగు, ఇంగ్లీషు తప్ప ఉర్దూ లిపి నేర్వని కోనసీమ పిల్లలు చాలామంది. పేరు చూసి ఆశపడి తరువాత నిరాశపడే బదులు, అక్కడ చదివినవారిని ముందే అడిగితే ఎవరికి అది తగినదో, ఎవరు ముందు ఉర్దూ నేర్చుకోవాలో తేలిపోతుంది.

ఇక తల్లిదండ్రుల మనసులో ఉండి పైకి రాని ప్రశ్నలున్నాయి. హాస్టల్లో తిండి ఎలా ఉంటుంది? రమజాన్‌లో సహరీకి ఏర్పాటుందా? హిజాబ్ వేసుకున్న అమ్మాయిని తరగతిలో, ప్రయోగశాలలో, మౌఖిక పరీక్షలో ఎలా చూస్తారు? హాస్టల్ సీటు రాకపోతే ముస్లిం పేరు విన్నాక గది అద్దెకిచ్చే ఇల్లు దొరుకుతుందా? రాత్రి బస్సు దిగితే గేటు దాకా ఎలా వెళ్ళాలి? ఇవి ఏ ప్రవేశ కార్యాలయానికి ఫోన్ చేసి అడగగలం? అడిగినా ఏం జవాబు వస్తుంది? ఒక అక్క మాత్రం నిజం చెబుతుంది. బాగుంటే బాగుందంటుంది, లేకపోతే ఎలా సర్దుకోవాలో చెబుతుంది.

మన ఇళ్ళల్లో అమ్మాయిల చదువు డిగ్రీతో ఆగిపోవడానికి పేదరికం ఎంత కారణమో, "అక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరు" అనే మాట కూడా అంతే కారణమని నా అనుభవం. అది పైకి సాకులా వినిపిస్తుంది. కానీ భర్త గల్ఫ్‌లో, తాను ఒంటరిగా ఇల్లు నడుపుతున్న తల్లికి అది సాకు కాదు, భయం. ఉపన్యాసాలతో ఆ భయం పోదు. అదే హాస్టల్లో రెండేళ్ళు ఉండి వచ్చిన ఒక అమ్మాయి పది నిమిషాలు ఫోన్లో మాట్లాడితే పోతుంది. కనుక పూర్వ విద్యార్థితో మాట్లాడవలసింది పిల్లలు మాత్రమే కాదు, తల్లులు కూడా.

అయితే ఈ సలహాను గుడ్డిగా నమ్మమని నేను చెప్పడం లేదు. 2011 జనవరిలో అమెరికాలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మోసం బయటపడినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువారే. కొందరి కాళ్ళకు ట్రాకింగ్ పట్టీలు వేయడం చూసి మనమంతా బాధపడ్డాం. ఆ సంస్థ కొత్తవారిని చేర్చిన విద్యార్థులకు ఫీజులో వాటా ఇచ్చేది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వ్యవహారంలో, అసలు ఆ సంస్థే అమెరికా ప్రభుత్వ అధికారులు పన్నిన వల. అక్కడ విద్యార్థులను చేర్పించి డబ్బు తీసుకున్నారని 8 మందిపై కేసు పెట్టారు. వారిలో తెలుగువారున్నారు. ఈ రెండు ఉదంతాల్లోనూ పిల్లలు సలహా అడగకపోలేదు. అడిగారు. జవాబు చెప్పినవారిలో కొందరికి అందులో కమీషను ఉంది. కమీషను పుచ్చుకునేవాడు సీనియరు కాడు, దళారీ. ఈ తేడా అమెరికాలో ఎంతో, మన జిల్లాలో తలకింత అని కాలేజీల నుంచి డబ్బు తీసుకుని ఇంటింటికీ బ్రోచర్లు పంచేవారి విషయంలోనూ అంతే.

డబ్బు ఆశ లేని సలహా కూడా తప్పవచ్చు. ఆ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక విద్యార్థి నా సలహా అడిగితే, నేను చదివిన విభాగాన్నే గట్టిగా సిఫారసు చేశాను. మా గురువుగారి పాఠాల గురించి గంటసేపు చెప్పాను. అతను చేరాడు. ఆయన అప్పటికే పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలో ఎవరినీ నియమించలేదు. నేను ప్రేమగా వర్ణించినది పదేళ్ళ నాటి విభాగం. ఆ కుర్రవాడు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఆ సంగతి ఇంకా గుర్తుంది.

ఆ అనుభవం నుంచి నేర్చుకున్న నియమాలు నాలుగు. గత రెండు మూడేళ్ళలో చదువు ముగించినవారిని అడగాలి. ఒక్కరితో ఆపకుండా కనీసం ముగ్గురిని అడగాలి. ఆ ముగ్గురిలో ఒకరు ఆ చదువును మధ్యలో మానేసినవారైతే మరీ మంచిది, ఎందుకంటే గెలిచినవాడు కష్టాలను మరిచిపోతాడు, ఓడినవాడికి అవి గుర్తుంటాయి. చివరగా, అభిప్రాయాలు కాక సంఘటనలు అడగాలి. "కాలేజీ బాగుంటుందా?" అంటే "బాగుంటుంది" అనే జవాబే వస్తుంది. "మీ విభాగంలో శాశ్వత అధ్యాపకులు ఎందరు? గత సెమిస్టరులో ఎన్ని ప్రయోగాలు చేశారు? మీతో చదివినవారు ఇప్పుడెక్కడున్నారు?" అంటే నిజం వస్తుంది.

ఆ రాజోలు అమ్మాయి విషయంలో అదే జరిగింది. వాళ్ళ డిగ్రీ కళాశాల అధ్యాపకురాలి ద్వారా ఆ రెండు కాలేజీల్లో ఒకదానిలో ఎమ్మెస్సీ చేసిన ఒక అమ్మాయి నంబరు దొరికింది. ఆమె మన సముదాయం అమ్మాయి కాదు. అయినా ఎంతో ఓపికగా మాట్లాడింది. "ల్యాబు పెద్దదే అక్కా, కెమికల్సే ఉండవు" అని తల్లితో నవ్వుతూ అంది. తాను మళ్ళీ చేరవలసి వస్తే పీజీసెట్‌లో ర్యాంకు తెచ్చుకుని విశ్వవిద్యాలయ కళాశాలలోనే చేరతానని చెప్పింది. అమ్మాయి బ్రోచర్లు పక్కన పెట్టి పీజీసెట్ రాసింది. విశ్వవిద్యాలయ కళాశాలలో చేరింది. మన పిల్లలకు సలహా చెప్పడానికి మనవాళ్ళే కావాలని లేదు. ఆ చోటు తెలిసి, నిజం చెప్పేవారైతే చాలు. అయితే హాస్టల్లో సహరీ సంగతి ఆ అమ్మాయి చెప్పలేకపోయింది. అది చెప్పడానికి మాత్రం మనవాళ్ళే కావాలి.

ఇక్కడే చదువుకుని వచ్చిన మన యువతీ యువకులతో ఒక మాట. మష్వరా మన జీవన విధానంలో భాగం. ఖుర్ఆన్‌లో ఒక సూరాకే 'షూరా' అని పేరు. సలహా అడిగినవాడు తన బిడ్డ భవిష్యత్తును మన చేతిలో పెడుతున్నాడు. అది అమానత్. అలీగఢ్‌లో 1890లో సాహిబ్‌జాదా అఫ్తాబ్ అహ్మద్ ఖాన్ చొరవతో ఏర్పడిన సంఘానికి 'అంజుమనుల్ ఫర్జ్', అంటే కర్తవ్య సమాజం, అని పేరు పెట్టుకున్నారు. పేద విద్యార్థుల కోసం చందాలు సేకరించడం దాని పని. వెనక వచ్చేవాడిని ఆదుకోవడాన్ని వారు దాతృత్వంగా కాక విధిగా భావించారు. మన జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో ఆ అంబేడ్కర్ కూడా న్యూయార్క్, లండన్‌లలో చదివి వచ్చి తన డిగ్రీలతో తృప్తి పడలేదు. 1940లలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్నప్పుడు షెడ్యూల్డ్ కులాల విద్యార్థులు విదేశాల్లో చదవడానికి ప్రభుత్వ ఉపకార వేతనాలు సాధించారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను స్థాపించారు. అంతటి పనులు మనలో అందరమూ చేయలేం. ఫోన్ ఎత్తి పావుగంట నిజం చెప్పడం మాత్రం అందరికీ సాధ్యమే.

దీన్ని వ్యక్తుల మంచితనానికి వదిలేయకుండా ఒక ఏర్పాటుగా మలచవచ్చు. దానికి నిధులు అక్కరలేదు. ప్రతి మసీదు కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఆ జమాత్‌లో డిగ్రీ దాటి చదివినవారి పేరు, కోర్సు, సంస్థ, ముగించిన సంవత్సరం వారి అనుమతితో రాసుకోవాలి. అమ్మాయిల వివరాలు బయట తిరగకుండా ఒక ఉపాధ్యాయురాలి దగ్గర ఉంచి, ఆమె ద్వారానే మాట్లాడించాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట పుస్తకాలు మూడూ కలిస్తే ఎన్ని పేర్లు తేలతాయో చూద్దాం. తక్కువే తేలవచ్చు. ఆ తక్కువ ఎంతో తెలియడం కూడా హక్కుల కోసం అడిగేటప్పుడు మనకు పనికివస్తుంది. డిగ్రీ కళాశాలల్లో పూర్వ విద్యార్థుల సంఘాలుంటాయి. న్యాక్ మూల్యాంకనంలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికీ మార్కులుంటాయి కనుక, కాగితం మీదనైనా ఉంటాయి. ప్రిన్సిపాల్‌ను కలిసి, నిరుడు పీజీలో చేరినవారి జాబితా అడగడం విద్యార్థి హక్కు అనుకుని అడగాలి. బయట చదువుతున్న పిల్లలు పండుగలకు ఊరికి వస్తారు. ఈద్ మరునాడు మసీదు ఆవరణలోనో, షాదీఖానాలోనో రెండు గంటలు కూర్చోబెడితే చాలు. ఒకవైపు డిగ్రీ రెండో ఏడు, మూడో ఏడు పిల్లలు, వారి తల్లులు. మరోవైపు పీజీ చదువుతున్నవారు. ఉపన్యాసాలు వద్దు, శాలువాలు వద్దు. ప్రశ్నలు, జవాబులు మాత్రమే.

ఆ అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసింది. చదువు కష్టంగానే ఉందట, హాస్టల్ బాగానే ఉందట. రమజాన్‌లో సహరీకి ఏం చేయాలో తాను మెస్ వాళ్ళతో మాట్లాడి చూసుకుందట. వచ్చే ఏడాది తన ఊరి నుంచి ఎవరైనా చేరాలనుకుంటే తన నంబరు ఇమ్మంది. మా ఇంట్లో ఒక పాత నోటు పుస్తకం ఉంటే, అందులో మొదటి పేజీలో ఆమె పేరు రాసుకున్నాను. రెండో పేరు మీ ఊరి నుంచి రావాలి.